ధ్వనిప్రతి: కవి పఠనం పాఠపరిష్కరణకు సాక్ష్యమవుతుందా?

తాళపత్రప్రతిని చేతికిస్తే ఏమేమి అడగాలో తెలుగు పరిశోధకుడికి తెలుసు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేన్ని చూసి రాశారు, ఎక్కడ శిథిలమైంది, మరో ప్రతితో ఎక్కడ విభేదిస్తోంది అని అడుగుతాడు. సి.పి. బ్రౌన్ పండితులను, లేఖకులను నియమించి ప్రతులను సరిపోల్పించిన నాటినుంచి ఈ ప్రశ్నలు మన విద్యలో భాగమయ్యాయి. అదే పరిశోధకుడికి ఒక కవి తన కవితను తానే చదివిన క్యాసెట్ ఇస్తే అతడు విని ఆనందిస్తాడు. ఎంత బాగా చదివారని అంటాడు, లేదా ఇంత మామూలుగా చదివారేమిటని నిరాశపడతాడు. అక్కడితో ఆగుతాడు. క్యాసెట్టును జ్ఞాపికగా చూస్తాడు తప్ప ప్రతిగా చూడడు.

కవి పఠనానికి సంబంధించిన ధ్వనిముద్రణను లిఖితప్రతితో సమానమైన ఒక ప్రతిగా గుర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. దానికి 'ధ్వనిప్రతి' అన్న మాటను వాడుతున్నాను. భద్రపరచడం, పదిమందికి అందించడం అనే పనులు ఈ గుర్తింపు తరువాతనే సక్రమంగా జరుగుతాయి. ఒక వస్తువు దేనికి సాక్ష్యమో తెలియకుండా దాచినవాడు దాని పైపెట్టెను మాత్రమే దాస్తాడు.

కవి గొంతు, కవిత గొంతు

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. తెలుగులో కవిత్వపు ధ్వనిముద్రణలు తక్కువేమీ కావు. తక్కువగా ఉన్నది కవుల గొంతు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రాసిన 'పుష్పవిలాపం' తెలుగువారిలో ఎక్కువమందికి ఘంటసాల గొంతులోనే తెలుసు. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాల పద్యాలు రంగస్థల నటుల గొంతుల్లో, గ్రామఫోన్ రికార్డుల్లో ఊరూరా తిరిగాయి. జాషువ శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటక ప్రదర్శనలో కాటిసీనులోకి చేరి, ఎవరి పద్యాలో తెలియని ప్రేక్షకుల చేత కూడా మళ్ళీ మళ్ళీ పాడించుకున్నాయి. నండూరి సుబ్బారావు ఎంకిపాటలను తానే పాడి వినిపించేవారు. తరువాతి తరాలు విన్నది మాత్రం ఇతర గాయకులను.

వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఘంటసాల 'పుష్పవిలాపం' గొప్ప గానం. అయితే అది వ్యాఖ్యానం. ఏ పద్యాలు తీసుకోవాలి, ఏ పద్యానికి ఏ రాగం, ఏ అక్షరం మీద నిలవాలి అన్న నిర్ణయాలన్నీ గాయకుడివి. పువ్వుల మాటల్లో నిష్ఠూరం ఎంత, జాలి ఎంత అన్నది పద్యాన్ని కాగితం మీద చదివినవారికి చర్చించదగిన విషయం. పాట విన్నవారికి ఆ చర్చ ముగిసిపోయింది, జాలి గెలిచింది. మల్లినాథుడి వ్యాఖ్య కాళిదాసు పాఠం కానట్టే గాయకుడి గానం కవి పఠనం కాదు. రెండింటినీ ఒకే అరలో పెట్టి 'కవిత్వ ధ్వనిముద్రణలు' అని పేరు పెట్టడం పట్టికల్లో తరచుగా కనిపించే తప్పు. అంతర్జాలంలో తిరిగే నకళ్ళలో ఇది మరీ ముదిరింది. గాయకుడి గొంతుకు కవి పేరు, కవి గొంతుకు చదివించిన సంస్థ పేరు తగిలించినవి కనిపిస్తాయి.

యతి దగ్గర ఆగాలా?

ధ్వనిప్రతి లేకుండా తేలని ప్రశ్న ఏదైనా ఉందా అని సందేహించేవారికి యతి సమస్య ఒక్కటి చాలు.

సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. శార్దూలవిక్రీడితంలో 12వ అక్షరం తరువాత ఆగాలి. తెలుగు లాక్షణికులు స్థానాన్ని నిలుపుకొని విరామాన్ని వదిలేశారు. మన శార్దూలంలో 13వ అక్షరం పాదాదిలోని అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి. మత్తేభంలో అది 14వ అక్షరం, ఉత్పలమాలలో 10వది, చంపకమాలలో 11వది. అక్కడ పదం విరగవలసిన నియమం లేదు. పదం మధ్యలో యతి పడవచ్చు. సంధిలో కలిసిపోయి పైకి కనిపించని అచ్చుకు యతి చెల్లవచ్చు. అలాంటి చోట పాఠకుడు ఆగితే సంధి విరుగుతుంది, ఆగకపోతే మైత్రి చెవికి ఆనకపోవచ్చు. పాదాంతం మరో చిక్కు. తెలుగు వృత్తాల్లో పదం ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలో ముగియడం సర్వసాధారణం. పాదాంతంలో ఆగితే పదం రెండు ముక్కలవుతుంది. ఆగకపోతే రెండో అక్షరం మీద ఉన్న ప్రాస వినిపించడానికి పాదం మొదలైన సంగతే తెలియదు.

లక్షణగ్రంథాలు యతి ఎక్కడ చెల్లుతుందో చెబుతాయి, ఎలా చదవాలో చెప్పవు. రంగస్థలం తన పరిష్కారం తాను చేసుకుంది: భావంతో నిమిత్తం లేకుండా పాదం చివర రాగం తీయడం. అది నటుడికి ఊపిరి, ప్రేక్షకుడికి చప్పట్లకు అవకాశం. కానీ పద్యం రాసిన కవి దాన్ని ఎలా విన్నాడు? విశ్వనాథ సత్యనారాయణ వాక్యం పద్యం నడుమ ఎక్కడో ముగిసి, మరో వాక్యం అక్కడే మొదలవుతుంది. రామాయణ కల్పవృక్షం చదివిన ప్రతివారికీ ఇది అనుభవమే. ఆయన చదివినప్పుడు ఆగింది యతిస్థానంలోనా, పాదాంతంలోనా, వాక్యాంతంలోనా? ఈ మూడింటిలో ఏది నిజమైతే ఆ పద్యశిల్పం గురించి అలాంటి నిర్ణయమే చేయవలసి ఉంటుంది. వాక్యాంతంలోనే ఆగి ఉంటే ఆయన వృత్తాన్ని వచనపు నడకకు లోబరచుకున్నాడని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. పాదాంతంలోనూ ఆగి ఉంటే ఆ పోటీనే ఆయన కోరుకున్నాడని అనుకోవాలి. చర్చ ఇప్పటిదాకా అచ్చుపుటను చూసి, అభిరుచిని బట్టి సాగింది.

దీనికి పద్ధతి కష్టమైనది కాదు. కవి చదివిన పది పద్యాలను తీసుకుని అచ్చుప్రతి మీద యతిస్థానం, పాదాంతం, వాక్యాంతం మూడు వేర్వేరు గుర్తులతో సూచించాలి. ధ్వనిప్రతిలోని నిశ్శబ్దాలను కొలిచి వాటి పక్కన వేయాలి. భాషాశాస్త్రజ్ఞులు ఉచ్చారణ పరిశోధనలో వాడే ప్రాత్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సెకనులో వెయ్యోవంతు వరకు కొలవవచ్చు. అదే కవి పద్యాలను నటుడు పాడిన రికార్డు దొరికితే దానినీ ఇలాగే కొలవాలి. ఒక పరిశోధనవ్యాసానికి సరిపోయే పని ఇది. పద్యపఠన సంప్రదాయం మీద మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంతవ్యాసాలకు లోటు లేదు గాని, నిశ్శబ్దాన్ని కొలిచిన వ్యాసం ఇంతవరకు నా కంటబడలేదు.

మాత్రాఛందస్సులో ప్రశ్న వేరు. గురజాడ ముత్యాలసరం మూడు, నాలుగు మాత్రల గణాల వరుసతో పాదానికి 14 మాత్రలుగా నడుస్తుందని చెప్పగలం. ఏ వేగంతో నడిచిందో చెప్పలేం. గురజాడ 1915లో మరణించారు. దాదాపు ఆ దశాబ్దంలోనే గ్రియర్సన్ భాషా సర్వేక్షణ కోసం మన దేశపు భాషలను గ్రామఫోన్ పళ్ళాల మీదికి ఎక్కించే పని మొదలైంది. ఆ రికార్డులు ఈనాడు షికాగో విశ్వవిద్యాలయం నిర్వహించే దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఎవరైనా వినవచ్చు. భాషల నమూనాల కోసం అంత శ్రమపడిన కాలంలో ఆ భాషల కవులను కూర్చోబెట్టి వినాలన్న ఆలోచనకు అంతటి బలం రాలేదు.

1934 కవిత, 1981 గొంతు

తెలుగులో ధ్వనిప్రతిని గ్రంథంతో సమానంగా గౌరవించిన ప్రచురణగా నేను మొదట చెప్పేది లండన్ నుంచి 1981లో గూటాల కృష్ణమూర్తి వెలువరించిన 'మహాప్రస్థానం'. శ్రీశ్రీ స్వదస్తూరితో పుస్తకం, దానితోపాటు శ్రీశ్రీ చదివిన క్యాసెట్. ఆంగ్ల సాహిత్యంలో 1890ల నాటి కవుల మీద పరిశోధించిన పండితుడి చేతిలో ఇలాంటి ప్రచురణ రూపుదిద్దుకోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ప్రతిని వస్తువుగా చూసే శిక్షణ ఆయనకు ఉంది.

ఈ ప్రచురణను మనం అభిమానంతో స్వీకరించాం, పరీక్షించలేదు. పరీక్షిస్తే మొదట ఎదురయ్యేది కాలం. 'మహాప్రస్థానం' గేతం 1934 నాటిది. సంపుటి అచ్చయింది 1950లో. దస్తూరి, గొంతు ప్రచురితమైంది 1981లో. అంటే మన చేతిలో ఉన్నది ఇరవైల వయసులోని కవి ఉద్వేగం కాదు, డెబ్బై దాటిన మహాకవి పునఃపఠనం. నడుమ ఈ కవితలు వేల సభల్లో చదవబడ్డాయి. ఉద్యమాలు వాటిని నినాదాలు చేసుకున్నాయి, నటులు, వక్తలు గొంతు చించుకుని వినిపించారు. శ్రీశ్రీ ఆ పఠనాలెన్నో విని ఉంటారు. కాబట్టి 1981 క్యాసెట్ మూలపఠనం అనుకోవడం పొరపాటు. అది కవి తన కవితకు తానే ఇచ్చిన కడపటి వ్యాఖ్యల్లో ఒకటి. స్వదస్తూరి ప్రతికీ ఇదే వర్తిస్తుంది. అది చిత్తుప్రతి కాదు, అచ్చయిన పుస్తకం ముందున్నవాడు తిరిగి రాసిన శుద్ధప్రతి. లేఖకుడు కవే కావడం వల్ల అది మూలప్రతి అయిపోదు.

అంతమాత్రాన దాని విలువ తగ్గదు, మారుతుంది. శ్రీశ్రీ గేయాల్లో చిన్న చిన్న పంక్తులుగా విరిచి అచ్చువేసిన చోట్లు ఎన్నో ఉన్నాయి. ఆ విరుపు మాత్రాగణానికి చెందినదా, ఊపిరికి చెందినదా, కంటికి చెందినదా అన్నది అచ్చును బట్టి చెప్పడం కష్టం. అచ్చు, దస్తూరి, గొంతు మూడూ ఒకే కవివి అయి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడగలిగిన అవకాశం తెలుగులో బహుశా ఇంత నిండుగా మరెక్కడా లేదు. మూడూ ఏకీభవించిన చోట పరిష్కర్తకు పని లేదు. గొంతు ఒక పంక్తిని దాటి పోయిన చోట, దస్తూరి అచ్చును కాదన్న చోట అసలు పని మొదలవుతుంది. 'మహాప్రస్థానం' ఎన్నిసార్లు ముద్రితమైందో లెక్కపెట్టుకుని గర్వించే మనం ఈ మూడింటినీ సరిపోల్చిన సపాఠాంతర ముద్రణను పరిశోధక విద్యార్థులకు అందించవలసి ఉంది.

వచనకవితకు వస్తే ఈ అవసరం మరింత తీవ్రమవుతుంది. పఠాభి 1939లో 'ఫిడేలు రాగాల డజన్' తెచ్చినప్పటినుంచి, కుందుర్తి వచనకవితను ఉద్యమంగా నడిపిన కాలం మీదుగా నేటివరకు, పంక్తి విరుపే కవి చేతిలోని ప్రధానమైన లయసాధనం. అది దేనికి సంకేతమో చెప్పే లక్షణగ్రంథం లేదు. కవి చదివి వినిపించడమే లక్షణం. ఈ కవుల్లో అనేకులు క్యాసెట్ల కాలంలో జీవించారు. వారి గొంతులు ఇళ్ళల్లో, సాహిత్యసంస్థల బీరువాల్లో ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ.

లిపికి అందనిది

కాళోజీ కవిత్వాన్ని అచ్చులో చదివిన కోస్తా విద్యార్థి దాన్ని తన ఉచ్చారణలో చదువుకుంటాడు. అతడి తప్పు కాదు, లిపి అంతవరకే చెబుతుంది. 'వచ్చాడు' వంటి రూపాల్లో మన నోటికి వచ్చే దీర్ఘాచ్చు 'ఆ' కాదు, 'ఏ' కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రజ్ఞులు దాన్ని విడిగా గుర్తించినా వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ఒక అచ్చు సంగతే ఇలా ఉంటే ప్రాంతీయ స్వరం, వాక్యాంతపు ఎత్తుపల్లాలు, ప్రశ్నలోని వెటకారం లిపిలో ఎక్కడ నిలుస్తాయి? జీవభాషలో రాయడాన్ని సిద్ధాంతంగా పెట్టుకున్న కవి విషయంలో గొంతు కవితకు అనుబంధం కాదు, కవితలోని భాగమే. పుట్టపర్తి నారాయణాచార్యులు సభల్లో స్వయంగా వినిపించిన 'శివతాండవం' నడక, సి. నారాయణరెడ్డి తానే పాడిన తెలుగు గజళ్ళ బాణీ ఇటువంటివే. అవధానం సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ పుస్తకం తరువాత వస్తుంది, గొంతే మూలప్రతి.

కృష్ణశాస్త్రి జీవితం ఈ చర్చకు ఒక కఠినమైన ఉదాహరణ. సభలను తన మాటతో కట్టిపడేసిన కవి, ఆకాశవాణి కోసం ఎన్నో గేయాలు, రూపకాలు రాసిన కవి 1960లలో గొంతు జబ్బుకు శస్త్రచికిత్స జరిగి మాట కోల్పోయారు. 1980లో మరణించేదాకా కాగితం మీద రాసి సంభాషించారు. ఆ ఏళ్ళలో ఆయన గేయాలు రేడియోలో ఇతరుల గొంతుల్లో మోగుతూనే ఉన్నాయి. అందుచేత ఆయన గొంతు ఉన్న ధ్వనిప్రతులకు పైహద్దు ఆ శస్త్రచికిత్స. ఎవరైనా ఒక టేపు తెచ్చి, ఫలానా 1972 సభలో కృష్ణశాస్త్రి చదివినదని చెబితే విని నిర్ణయించనక్కర్లేదు. తాళపత్రం విషయంలో లేఖకుడి కాలం చూసే పరిష్కర్త చేసే పని ఇదే.

భద్రపరచడం అంటే

మద్రాసులో 1938లో, విజయవాడలో 1948లో రేడియో కేంద్రాలు మొదలయ్యాయి. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరింది. ఉగాది కవిసమ్మేళనాలు, సాహిత్య ప్రసంగాలు, రూపకాలు ఈ కేంద్రాల నుంచి దశాబ్దాలపాటు వెలువడ్డాయి. అన్నీ దాచబడలేదు. టేపు ఖరీదైన కాలంలో ప్రసారమైనదాన్ని చెరిపి మళ్ళీ వాడటం ప్రపంచమంతటా రేడియో సంస్థలకు అలవాటే. మిగిలినవాటిలో కొన్ని శ్రోతలు ఇంట్లో రికార్డు చేసుకోవడం వల్లనే మిగిలాయి. ఈమాట పత్రిక అలాంటి అరుదైన ధ్వనిముద్రణలను వివరాలతో సహా వినిపిస్తూ వచ్చింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం 2000లో మొదలుపెట్టిన దక్షిణాసియా సాహిత్య ధ్వనిముద్రణల ప్రణాళికలో తెలుగు రచయితలకూ చోటు దక్కింది. ఈ పని మనం చేయవలసినది కాదా అని అడగడం సులభం. మన శాఖల్లో ఏం జరిగిందో చూడటం అంత సులభం కాదు.

నేను పనిచేసిన ఒక శాఖలో బీరువా అడుగున క్యాసెట్ల పెట్టె ఒకటి దొరికింది. ఒకదాని మీద 'కవిసమ్మేళనం – 2' అని మాత్రం ఉంది. మొదటిది లేదు. రెండోదానిలో ఏడుగురు చదివారు. ముగ్గురిని పోల్చుకోగలిగాం. నలుగురి గొంతులు స్పష్టంగా ఉన్నాయి, కవితలు బాగున్నాయి, ఎవరివో తెలియదు. టేపుకు ఏ హానీ జరగలేదు. జరిగిందల్లా సభాధ్యక్షుడు పేర్లు పిలిచినప్పుడు రికార్డరు ఆపివేయడం. కవిత మాత్రమే ముఖ్యమని, పిలుపు, దగ్గు, చప్పట్లు అనవసరమని అనుకున్న మర్యాదస్తుడి పని అది.

సాంకేతిక విషయాలను ఇక్కడ విస్తరించను. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాలు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ల కన్నా తక్కువకు దిగవద్దని, కుదిస్తే నష్టం జరిగే ఎంపీ3 వంటి రూపాన్ని మూలంగా దాచవద్దని చెబుతాయి. టేపును రికార్డు చేసిన వేగంతోనే తిప్పాలి. వేగం మారితే కవి గొంతు సన్నగానో లావుగానో అవుతుంది, పైన చెప్పిన నిశ్శబ్దాల కొలతలన్నీ తప్పుతాయి. శబ్దాన్ని 'శుభ్రం' చేసిన నకలును వినడానికి ఇవ్వవచ్చు, మూలం స్థానంలో పెట్టకూడదు. పాఠాంతరాలను కొట్టివేసిన పరిష్కర్తను మనం క్షమించం కదా.

వివరణ అంతకన్నా ముఖ్యం. తేదీ, స్థలం, సందర్భం, స్టూడియోనా సభా అన్నది, కవి చేతిలో పుస్తకం ఉందా నోటికి చదివాడా అన్నది, చదివిన పాఠం ఏ ముద్రణకు దగ్గరగా ఉంది, ఎక్కడ మార్చాడు అన్నది రాయాలి. కవి చదవడానికి ముందు చెప్పే నాలుగు మాటలను కవితతో సమానంగా అక్షరబద్ధం చేయాలి. కవిత పుట్టుక గురించి మరెక్కడా రాయని సంగతి అక్కడ దొర్లుతుంది.

పదిమందికి అందించే దగ్గర చట్టం అడ్డువస్తుందన్న మాట మన సమావేశాల్లో తరచుగా వినిపిస్తుంది. సగం నిజం. ఒక పఠనంలో మూడు హక్కులుంటాయి. రచన మీద కవికి, ఆయన వారసులకు కవి మరణానంతరం 60 ఏళ్ళు, పఠించిన వ్యక్తికి ప్రదర్శకుడిగా 50 ఏళ్ళు, ధ్వనిముద్రణ మీద నిర్మాతకు ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. కాబట్టి వారసుల అనుమతి తెచ్చుకున్నంత మాత్రాన నిర్మాత అనుమతి అవసరం తీరదు. కానీ 1957 కాపీరైట్ చట్టం 52వ విభాగం వాణిజ్యేతర ప్రజాగ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని పరిరక్షణ కోసం డిజిటల్ రూపంలో దాచుకోవడాన్ని అనుమతిస్తోంది. విద్యాసంస్థలో అధ్యాపకులు, విద్యార్థులకు పరిమితమైన శ్రోతలకు వినిపించడానికీ వీలు కల్పిస్తోంది. దాచడానికి, తరగతిలో వినిపించడానికి, కొలిచి వ్యాసం రాయడానికి అడ్డంకి చట్టంలో కన్నా మన బీరువాల్లో ఎక్కువగా ఉంది. అంతర్జాలంలో అందరికీ పెట్టడానికి మాత్రం అనుమతి కావాలి, లేదా గడువు తీరాలి.

గడువులను వేసుకుని చూస్తే పని వరుస కూడా తెలుస్తుంది. 1957లో మరణించిన నండూరి సుబ్బారావు రచనల మీద హక్కు 2017తో ముగిసింది. 1971లో మరణించిన జాషువ రచనల మీద 2031తో, విశ్వనాథ మీద 2036తో, కృష్ణశాస్త్రి మీద 2040తో, శ్రీశ్రీ మీద 2043తో ముగుస్తుంది. జాషువ 1950ల చివర మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. మైకు పక్కనే గడిపిన ఆ కవి గొంతు ఏయే టేపుల మీద, ఎవరి అధీనంలో, ఏ స్థితిలో మిగిలిందో వెతికి ఒక పట్టిక తయారుచేయడానికి 2031 దాకా వ్యవధి ఉంది. ఆ పట్టికకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.